శర నుంచి తుహినాంశుడి దాకా: ఇరవై అంకెల సంఖ్యను చేత్తో విడదీయడం ఎలా?

కోనసీమలో మా ఊరి పిల్లలకు వేసవి సెలవుల్లో లెక్కలు చెబుతుంటాను. ఏటా మొదటి రోజు ఒకటే ప్రశ్న. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగు గడులూ నింపితే మొత్తం గింజలెన్ని?

జవాబు 18446744073709551615.

అంకెలు చూస్తే పిల్లలకు ఏమీ అనిపించదు. అందుకే వడ్లు తూపిస్తాను. మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకాన్ని మేము తూచినప్పుడు వెయ్యి గింజలు సుమారు 20 గ్రాములు వచ్చాయి. అంటే 75 కిలోల బస్తాలో 37 లక్షల 50 వేల గింజలు. ఆ లెక్కన పలక నిండాలంటే దాదాపు 4.9 లక్షల కోట్ల బస్తాలు కావాలి. అప్పుడు పిల్లలు నోరు తెరుస్తారు.

ఇంత పెద్ద సంఖ్యను కాగితం, పెన్సిలుతో ప్రధాన కారణాంకాలుగా విడదీయవచ్చు. నాలుగైదు సాయంత్రాల పని. ఎనిమిదో తరగతి లెక్కలు వస్తే చాలు. ఒక్కచోట మాత్రం కొంచెం ఆగి ఆలోచించాలి, అక్కడ నేనూ ఆగి వివరంగా చెబుతాను.

మొదటి పని: సంఖ్యను తప్పు లేకుండా రాసుకోవడం

ఇది చిన్న విషయం అనుకోకండి. ఒక ఏడాది నేనే బోర్డు మీద ఒక అంకె వదిలేసి రాశాను. రెండు గంటలు ఎవరి లెక్కా కుదరలేదు. అప్పటి నుంచి పద్యం పట్టుకున్నాను.

పావులూరి మల్లన తెలుగులో తొలి గణిత గ్రంథం రాసినవాడు, మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెనిగించినవాడు. పిఠాపురం దగ్గరి నవఖండవాడతో ముడిపడిన వంశం ఆయనది. ఈ చదరంగం లెక్క జవాబును ఆయన పద్యంలో పెట్టాడు. అంకెలకు బదులు మాటలు వాడాడు: శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు.

మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి శర, సాయక అంటే 5. శశి, చంద్ర, తుహినాంశు మూడూ చంద్రుడే, 1. షట్క, తర్క 6. శరీరంలో రంధ్రాలు 9. వియత్, గగనం అంటే ఆకాశం, సున్నా. నగ, భూధర, గిరి కొండలు, కులపర్వతాలు 7. అగ్నులు 3. అబ్ధి, పయోనిధి సముద్రాలు 4, వేదాలు 4, బ్రహ్మ ముఖాలు 4. దిక్కుల ఏనుగులు 8. ఇలాంటి మాటల లెక్కలో అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మొదటి మాట ఒకట్ల స్థానం, చివరి మాట అన్నిటికంటే ఎడమ స్థానం. ఆ క్రమంలో రాసి చూడండి, ఇరవై అంకెలూ సరిగ్గా వచ్చి కూర్చుంటాయి.

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. పద్యం మొదటి మాట శర. అంటే ఒకట్ల స్థానంలో 5. ఇంకా రెండో మాట వినకముందే ఒక కారణాంకం దొరికిపోయింది!

ఫోన్ కాలిక్యులేటర్‌ను మాత్రం నమ్మకండి. చాలావాటిలో ఈ సంఖ్య దశాంశ రూపంలోకి మారిపోయి చివరి అంకెలు కనిపించవు. ఎక్సెల్‌లో టైప్ చేస్తే 15 అంకెల తర్వాత సున్నాలు పెట్టేస్తుంది. సరిచూసుకోవడానికి పైథాన్ అనే కంప్యూటర్ భాష బాగుంటుంది. 2**64-1 అని కొడితే ఇరవై అంకెలూ చూపిస్తుంది.

రెండో పని: చిన్న ప్రధాన సంఖ్యలతో పరీక్ష

ఒకట్ల స్థానంలో 5, కాబట్టి 5తో భాగం పోతుంది. చివరి రెండు అంకెలు 15, కాబట్టి 25తో పోదు.

అంకెలన్నీ కూడితే 87. అది 3తో పోతుంది, 9తో పోదు. కాబట్టి 3 ఒక్కసారే.

7, 11, 13లకు విడివిడిగా భాగహారాలు చేయనక్కర్లేదు. 7 × 11 × 13 = 1001. ఈ ఒక్క గుణకారం తెలిస్తే మూడు పరీక్షలూ ఒకేసారి అయిపోతాయి. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకటి కూడి ఒకటి తీసివేస్తూ పోండి:

615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016

1016లో 1001 తీసేస్తే 15. ఈ 15ను 7తో భాగిస్తే శేషం 1, 11తో 4, 13తో 2. ఏదీ సున్నా కాదు. మూడూ కారణాంకాలు కావు. ఆ 4ను మాత్రం ఒక మూల రాసి ఉంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇలాగే 17, 19, 23 అంటూ పోతే ఎంతకాలం పడుతుంది? ఈ సంఖ్య వర్గమూలం 429 కోట్ల పైచిలుకు. సెకనుకు ఒక భాగహారం చొప్పున అక్కడి దాకా అన్నిటితోనూ ప్రయత్నిస్తే 136 ఏళ్లు. కాబట్టి ఇక్కడ భాగహారం ఆపి, సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

మూడో పని: సంఖ్య పుట్టుకను వాడుకోవడం

1 + 2 = 3, అది 4 కంటే ఒకటి తక్కువ. 1 + 2 + 4 = 7, అది 8 కంటే ఒకటి తక్కువ. ఏ గడి దాకా కూడినా మొత్తం తర్వాతి గడిలో పెట్టాల్సిన దానికంటే ఒకటే తక్కువ. అరవై నాలుగు గడులు నిండాక తర్వాతిది 2⁶⁴. కాబట్టి మన సంఖ్య 2⁶⁴ − 1.

ఇప్పుడు ఎనిమిదో తరగతి సూత్రం: a² − 1 = (a − 1)(a + 1).

2⁶⁴ అంటే 2³² వర్గం. కాబట్టి 2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1). ఎడమవైపుది మళ్లీ అదే రూపం, మళ్లీ చీలుతుంది. కుడివైపుది ఈ సూత్రంతో చీలదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలి, వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోయినట్టే ఉంటుంది ఇది. ప్రతి చీలిక దగ్గరా ‘ప్లస్ ఒకటి’ పాయ అలా సాగిపోతుంది, ‘మైనస్ ఒకటి’ పాయ ఇంకోసారి చీలుతుంది. పిల్లలకు ఇది నదీ పటంలా గీయించండి, జన్మలో మరచిపోరు.

2⁶⁴ − 1 = 4294967297 × 4294967295
4294967295 = 65537 × 65535
65535 = 257 × 255
255 = 17 × 15
15 = 5 × 3

ఐదు చీలికల్లో ఇరవై అంకెల సంఖ్య ఆరు ముక్కలైంది: 3, 5, 17, 257, 65537, 4294967297. మొదటి సాయంత్రం ఇక్కడితో ఆపవచ్చు.

నాలుగో పని: ముక్కలు నిజంగా ప్రధాన సంఖ్యలేనా?

3, 5, 17 సంగతి తెలిసిందే. 257 వర్గమూలం 16 చిల్లర. 2, 3, 5, 7, 11, 13లతో భాగించి చూస్తే చాలు, దేనితోనూ పోదు. ప్రధాన సంఖ్యే.

మిగిలినవి 65537, 4294967297. ఈ ఆరు సంఖ్యలకూ చరిత్ర ఉంది. 2ను 1, 2, 4, 8, 16, 32 ఘాతాలకు హెచ్చించి ఒకటి కలిపితే వచ్చేవి ఇవే. ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలే అని ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా 1640 ప్రాంతంలో నమ్మాడు. మొదటి ఐదింటికి ఆ నమ్మకం నిజమే. ఆరోది 1732లో స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు ఆయిలర్ చేతిలో విడిపోయింది.

ఆయిలర్ దాన్ని గుడ్డిగా భాగించలేదు. వెతకాల్సిన చోటును ముందుగా తగ్గించుకున్నాడు. ఇప్పుడు చెప్పేది ఆ దారే. మొత్తం పనిలో ఆగి ఆలోచించాల్సిన చోటు ఇదే.

ముందు చిన్న ఉదాహరణ. 2 ఘాతాలను వరసగా 17తో భాగించి శేషాలు రాయండి: 2, 4, 8, 16, 15, 13, 9, 1. ఆ తర్వాత మళ్లీ 2, 4, 8... శేషాలు గానుగెద్దులా తిరుగుతున్నాయి, ఒక చుట్టుకు 8 అడుగులు. సగం చుట్టు దగ్గర, నాలుగో అడుగులో, శేషం 16. అంటే 17కు ఒకటి తక్కువ. అందుకే 2⁴ + 1 కచ్చితంగా 17తో పోతుంది.

ఇప్పుడు ఏదో ఒక ప్రధాన సంఖ్య p మన 2³² + 1ను భాగిస్తుందనుకోండి. అప్పుడు 2³²కు శేషం p కంటే ఒకటి తక్కువ, అంటే మైనస్ ఒకటితో సమానం. దాన్ని వర్గం చేస్తే 2⁶⁴కు శేషం 1. కాబట్టి చుట్టు పొడవు 64ను భాగించే సంఖ్య కావాలి. అది 32 గానీ అంతకంటే చిన్నది గానీ అయితే 32వ అడుగులో శేషం 1 వచ్చి ఉండేది, కానీ అక్కడ మైనస్ ఒకటి ఉంది. కాబట్టి చుట్టు సరిగ్గా 64 అడుగులు.

ఇంకొక్క మాట. p ప్రధాన సంఖ్య అయితే (2ను మినహాయించి) p − 1వ అడుగులో శేషం తప్పకుండా 1 అవుతుంది. దీన్నే ఫెర్మా చిన్న సిద్ధాంతం అంటారు. 64 అడుగుల చుట్లు పూర్తిగా తిరిగితేనే 1 వస్తుంది కాబట్టి, p − 1ను 64 భాగించాలి.

అంటే p ఎప్పుడూ 64k + 1 రూపంలోనే ఉంటుంది. మిగతా ప్రధాన సంఖ్యలన్నిటినీ చూడకుండానే పక్కన పెట్టవచ్చు.

ఇదే తర్కం 65537కు వాడితే, అది 2¹⁶ + 1 కాబట్టి కారణాంకాలు 32k + 1 రూపంలో ఉండాలి. దాని వర్గమూలం 256. ఆ లోపు 33, 65, 97, 129, 161, 193, 225. వీటిలో ప్రధాన సంఖ్యలు 97, 193 రెండే. 97తో శేషం 62, 193తో శేషం 110. రెండే రెండు భాగహారాలు, 65537 ప్రధాన సంఖ్య అని తేలిపోయింది.

ఐదో పని: 641ను పట్టుకోవడం

4294967297కు వద్దాం. 64k + 1 జాబితా రాయండి: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641... వీటిలో 65, 385 ఐదుతో పోతాయి. 129, 321, 513 మూడుతో పోతాయి. ప్రయత్నించాల్సినవి 193, 257, 449, 577, 641.

పది అంకెల సంఖ్యను నేరుగా భాగించకండి, తప్పులు వస్తాయి. 65536ను భాగించి శేషం తీసుకోండి. ఆ శేషాన్ని వర్గం చేసి మళ్లీ భాగించండి. వచ్చినదానికి ఒకటి కలపండి. 65536 వర్గమే 2³² కాబట్టి ఇది సరిపోతుంది.

193: శేషం 109, వర్గం 11881, దాని శేషం 108, ఒకటి కలిపితే 109. కాదు.
257: శేషం 1, వర్గం 1, ఒకటి కలిపితే 2. కాదు.
449: శేషం 431. దీన్ని మైనస్ 18 అనుకుంటే పని తేలిక. వర్గం 324, ఒకటి కలిపితే 325. కాదు.
577: శేషం 335, వర్గం 112225, దాని శేషం 287, ఒకటి కలిపితే 288. కాదు.
641: శేషం 154, వర్గం 23716, దాని శేషం 640, ఒకటి కలిపితే 641.

641 అంటే శేషం సున్నా! కిందటి వేసవిలో ఈ వరస చేస్తూ ఒక అమ్మాయి “మాస్టారూ, వచ్చేసింది!” అని అరిస్తే వీధిలో వాళ్లు ఆగి చూశారు. ఐదు ప్రయత్నాల్లో తొంభై ఏళ్ల నమ్మకం ఎలా పోయిందో పిల్లలు తమ చేత్తో చూశారు.

ఇప్పుడు భాగించండి: 4294967297 = 641 × 6700417.

ఆరో పని: 6700417ను వదలకపోవడం

చాలామంది ఇక్కడ ఆపేస్తారు. మిగిలింది ప్రధాన సంఖ్యే అయి ఉంటుందిలే అనుకుంటారు. రుజువు లేకుండా ఆపితే పని సగమే అయినట్టు, దయచేసి ఆపకండి.

6700417 వర్గమూలం 2588 చిల్లర. దీని కారణాంకం ఏదైనా 4294967297కు కూడా కారణాంకమే, కాబట్టి అదీ 64k + 1 రూపంలోనే ఉండాలి. 641కు కింద ఉన్నవాటిని ఇప్పటికే చూశాం. 641ను మాత్రం మళ్లీ చూడాలి, ఒకే ప్రధాన సంఖ్య రెండుసార్లు రావచ్చు కదా. 641 నుంచి 2561 దాకా జాబితా రాసి, చిన్న సంఖ్యలతో పోయేవాటిని కొట్టేయండి. 961 అంటే 31 × 31, 1537 అంటే 29 × 53. దారిలో 1729 కూడా తగులుతుంది, రామానుజన్ సంఖ్య. రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగే అతి చిన్న సంఖ్య. మన జాబితాలో మాత్రం అది 7 × 13 × 19 కాబట్టి కొట్టివేతే.

చివరికి ఏడు మిగులుతాయి. 6700417ను వాటితో భాగిస్తే వచ్చే శేషాలు ఇవి:

641తో 44
769తో 120
1153తో 334
1217తో 832
1409తో 622
1601తో 232
2113తో 94

ఏదీ సున్నా కాదు. 6700417 ప్రధాన సంఖ్య. విడదీయడం పూర్తయింది:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

సరిచూసుకోవడం

ఏడింటినీ గుణించి చూడటం మంచిదే, కానీ ముందు రెండు చిన్న పరీక్షలు చేయండి. చాలా తప్పులు ఇక్కడే దొరుకుతాయి.

మొదటిది 9తో. ఒక్కో కారణాంకం అంకెలు ఒక్క అంకె మిగిలేదాకా కూడండి: 3, 5, 8, 5, 2, 8, 7. వీటిని వరసగా గుణిస్తూ, ఎక్కడికక్కడ అంకెలు కూడుతూ పోతే 6 వస్తుంది. అసలు సంఖ్య అంకెల మొత్తం 87, అంటే 15, అంటే 6. సరిపోయింది.

రెండోది 11తో. ఏడు కారణాంకాలకూ 11తో శేషాలు: 3, 5, 6, 4, 3, 10, 9. వరసగా గుణించి 11తో శేషం తీసుకుంటూ పోతే 4. రెండో పనిలో మూల రాసుకోమన్న 4 ఇదే.

విడదీశాక ఏం తెలుస్తుంది?

ఏడు ప్రధాన సంఖ్యలూ ఒక్కొక్కసారే వచ్చాయి. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. కాబట్టి భాజకాలు 2 × 2 × ... ఏడుసార్లు, 128. జతలుగా పెడితే 64. అంటే ఈ సంఖ్యను రెండు సంఖ్యల లబ్ధంగా సరిగ్గా 64 రకాలుగా రాయవచ్చు, పలక మీద గడులెన్నో అన్ని. ఇది యాదృచ్ఛికమే. అయినా పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ల కళ్లు మెరుస్తాయి, అందుకే ఏటా చెబుతాను.

ఏ ప్రధాన సంఖ్యా రెండుసార్లు ఎందుకు రాలేదన్నదానికి మాత్రం కారణం ఉంది. మన ఆరు ముక్కల్లో ఏది తీసుకున్నా, దాని ముందున్నవాటి లబ్ధం కంటే అది రెండు ఎక్కువ. 3 × 5 = 15, తర్వాతిది 17. 3 × 5 × 17 = 255, తర్వాతిది 257. రెండు ముక్కలకు ఉమ్మడి కారణాంకం ఉంటే అది ఆ తేడా 2ను కూడా భాగించాలి. ముక్కలన్నీ బేసి సంఖ్యలు కాబట్టి అది కుదరదు.

17కు ఇంకో గౌరవం ఉంది. 17 సమాన భుజాలున్న ఆకారాన్ని స్కేలు, వృత్తలేఖినితోనే గీయవచ్చని జర్మన్ గణితజ్ఞుడు గాస్ 1796లో చూపించాడు, అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. 3, 5, 257, 65537కు కూడా అదే గుణం ఉంది. 641కి లేదు.

మీ చేతికి వచ్చే సంఖ్య ఇలా లేకపోతే?

ఏ పెద్ద సంఖ్యకైనా క్రమం ఇదే. ముందు చిన్న ప్రధాన సంఖ్యలు, 1001 పరీక్ష. తర్వాత రూపం కోసం వెతకడం: ఒక వర్గానికి ఒకటి తక్కువా? రెండు వర్గాల తేడానా? ఉదాహరణకు 8051ని చూడండి. అది 8100 − 49, అంటే 90² − 7². వెంటనే 83 × 97 అని పడిపోతుంది. రూపం ఏదీ దొరకకపోతే కంప్యూటర్‌కు వదిలేయండి, అందులో తప్పేమీ లేదు. కంప్యూటర్‌కూ హద్దులున్నాయి. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణించడం క్షణం పని, లబ్ధాన్ని విడదీయడం మహా కష్టం. 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి పద్ధతి ఆ కష్టం మీదే నిలబడింది.

అది ఎంత కష్టమో తెలియాలంటే మన సంఖ్యకు రెండు కలపండి. 18446744073709551617. ఇది 2⁶⁴ + 1, ‘ప్లస్ ఒకటి’ పాయ. వర్గాల తేడా సూత్రం దీని మీద పనిచేయదు. ఫ్రెంచ్ గణితజ్ఞుడు లాండ్రీ 1880లో, తన 82వ ఏట, దీన్ని 274177 × 67280421310721గా విడదీశాడు. మన తర్కం ప్రకారం దీని కారణాంకాలు 128k + 1 రూపంలో ఉండాలి. లూకా అనే గణితజ్ఞుడు దాన్ని ఇంకా బిగించి 256k + 1 అన్నాడు. అలా చూసినా 274177 ఆ జాబితాలో 1071వది.

కిందటి వేసవిలో 641 దగ్గర అరిచిన అమ్మాయికి ఈ జవాబు చెప్పకుండా ప్రశ్న మాత్రమే ఇచ్చాను. రూళ్ల పుస్తకంలో రోజుకు మూడు నాలుగు చేస్తోంది. సంక్రాంతికి కలిసినప్పుడు 212వ దాని దగ్గర ఉంది.